ఎత్తుగడ ఎక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నవల ఎత్తుగడ గురించే, అంటే మొదటి అధ్యాయం గురించే. కొందరు ప్రశ్నతో సరిపెట్టారు, కొందరు ఏకంగా అధ్యాయమే పంపేశారు. అచ్చుకాని రాతల గురించి నలుగురిలో మాట్లాడుకుంటున్నాం కనుక ఎవరి పేర్లూ వేయడం లేదు. ప్రచురణకర్తల కోసం రాతప్రతులు చదివిపెట్టడం నా వృత్తి. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి మొహమాటం అరిగిపోయింది. ఎక్కడైనా మాట కటువుగా తగిలితే సర్దుకోండి.

ప్రశ్న: మేడమ్, నా నవల ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఇంటి తగాదా గురించి. ఆ ఇల్లు తాతగారికి ఎలా వచ్చింది, తండ్రి దాన్ని ఎలా నిలబెట్టాడు, అన్నదమ్ములు చిన్నప్పుడు ఎంత ప్రేమగా ఉండేవారు, ఇవన్నీ చెప్తేగానీ తగాదా బరువు తెలియదని నా ఉద్దేశం. చదివిన మిత్రులేమో కథ ముప్పై పేజీల తర్వాత మొదలైందంటున్నారు. మహాభారతం కూడా వంశచరిత్రతోనే మొదలైంది కదా?

జవాబు: ముందు మహాభారతం సంగతి తేల్చేద్దాం. అది వంశచరిత్రతో మొదలవదండీ. నైమిశారణ్యంలో శౌనకుడి సత్రయాగం జరుగుతుంటుంది. అక్కడికి సూతుడు ఉగ్రశ్రవసుడు వస్తాడు. మునులు చుట్టూ చేరి ఎక్కడి నుంచి వస్తున్నావని అడుగుతారు. జనమేజయుడి సర్పయాగంలో వైశంపాయనుడు చెప్పిన భారతం విని వస్తున్నానంటాడు. అయితే మాకూ చెప్పమంటారు. అంటే వినేవాళ్ళు అడిగారు, అతను అందుకున్నాడు. పుట్టుకలూ వంశాలూ శాపాలూ అన్నీ ఆ తర్వాతే. మీరు మాత్రం ఎవరూ అడగకముందే తాతగారి దగ్గర నుంచి మొదలుపెట్టారు. మొదటిసారి ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి పెళ్ళి ఆల్బమ్ చూపించినట్టుంది.

నేను చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉంటుంది. ఎక్కడ నాకు తెలియకుండానే పేజీ తిప్పేశానో వెనక్కి వచ్చి అక్కడ అంచున చిన్న గీత పెడతాను. మీ రాతప్రతిలో మొదటి గీత 31వ పేజీలో పడింది. పెద్దవాడు రాత్రి పూట సంచితో వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. తాళంచెవి పెడతాడు. చెవి లోపలికి వెళ్తుంది గానీ తిరగదు. పొరపాటున వేరేది తీశానేమో అనుకుని గుత్తిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే పెట్టి చూస్తాడు. చివరికి ఫోన్ లైటు వేసి చూస్తే తాళం కొత్తది. చుట్టూ చెక్క మీద పాత తాళం అచ్చు ఇంకా కనిపిస్తూనే ఉంది. బెల్లు కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టకుండా దించేస్తాడు.

మీ ముప్పై పేజీల్లో ఉన్నదంతా ఈ సగం పేజీలో ఉంది. చెవి అతని దగ్గరుంది కాబట్టి ఆ ఇల్లు అతనిది కూడా. తాళం మారింది కాబట్టి లోపలున్న మనిషి అలా అనుకోవడం లేదు. సొంతింటికి బెల్లు కొట్టాల్సి రావడం ఎంత అవమానమో మీరు చెప్పలేదు, అతని చెయ్యి చెప్పింది. తాతగారి గురించి తెలుసుకోవాలన్న కోరిక నాకు ఆ గుమ్మం దగ్గరే పుట్టింది.

ఎత్తుగడ అక్కడ పెట్టండి. ముప్పై పేజీలూ పారేయమనడం లేదు, మూడు రకాలుగా విడగొట్టండి. ఆ గుమ్మం సీను అర్థం కావడానికి తప్పనిసరిగా కావలసినవి ఒక రకం. అతను అన్న, తండ్రి పోయాడు, లోపల తమ్ముడున్నాడు, ఇంతే, రెండు వాక్యాల సరుకు. పాఠకుడు తర్వాత ఎప్పుడో అడగబోయేవి రెండో రకం. అవి అతను అడిగినచోట ఇవ్వండి. మీరు ఆ మనుషుల్ని తెలుసుకోవడం కోసం రాసుకున్నవి మూడో రకం. ఈ మూడోదే ఎప్పుడూ ఎక్కువుంటుంది. అది అచ్చుకి కాదు, మీ బీరువాకి.

‘అయితే కాలంలో వీలైనంత ముందుకి జరిగి మొదలుపెట్టాలా’ అని మీరు అడగొచ్చు. అలా అని లేదు. టాల్‌స్టాయ్ ‘యుద్ధము - శాంతి’ విషయంలో సరిగ్గా వెనక్కి నడిచాడు. సైబీరియా ప్రవాసం నుంచి 1856లో తిరిగొస్తున్న ఒక డిసెంబ్రిస్టు (1825 డిసెంబరులో రష్యా చక్రవర్తి మీద తిరగబడ్డవాళ్ళలో ఒకడు) కథగా మొదలుపెట్టి, అతన్ని తెలుసుకోవాలంటే 1825 తిరుగుబాటు కావాలనుకున్నాడు. దానికి అతని యవ్వనం, అంటే నెపోలియన్ రష్యా మీదికి దండెత్తిన 1812 కావాలనిపించింది. అక్కడి నుంచి ఇంకా వెనక్కి 1805కి వెళ్ళాడు. ఎత్తుగడలు డజనుకు పైగా రాసి పక్కన పడేశాడు. అంత వెనక్కి వెళ్ళినవాడు కూడా చరిత్రపాఠంతో మొదలెట్టలేదు చూడండి. ఒక పెద్దింటావిడ డ్రాయింగ్ రూములో సాయంకాలం విందు, వచ్చిన అతిథితో ఆవిడ నెపోలియన్ని తిట్టిపోస్తూ ఉంటుంది. ఏ సంవత్సరంలో మొదలెట్టాలన్నది మీ ఇష్టం. ఆ సంవత్సరంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూ కనిపించాలి, అంతే.

ప్రశ్న: మొదటి వాక్యం కుదరక నెలల తరబడి కూర్చున్నాను. అది చదవగానే పాఠకుడు అదిరిపోవాలి. ఆ టెన్షన్‌తో రెండో వాక్యానికి వెళ్ళలేకపోతున్నాను.

జవాబు: పాఠకుడు అదరక్కర్లేదు. రెండో వాక్యం చదివితే చాలు.

అదరగొట్టే మొదటి వాక్యాలు నా బల్ల మీదికి బోలెడు వస్తుంటాయి. ‘ఆ రాత్రి నేను చనిపోయాను’ అని మొదలుపెట్టి, రెండో పేరాలో ‘శరీరం కాదు, నా మనసు’ అంటారు. అక్కడితో ఆ రచయిత మీద నాకు నమ్మకం పోతుంది. తర్వాత నిజంగానే ఎవరైనా చచ్చిపోయినా అనుమానంగానే చదువుతాను.

మొదటి వాక్యం చేయగలిగిన పని ఒకటుంది. ఈ కథ చెప్తున్న గొంతు ఎలాంటిదో వినిపించగలదు. వెటకారమా, దిగులా, లెక్కల మాస్టారిలా పొడిపొడిగా చెప్పే మనిషా అన్నది తెలిసిపోతుంది. ఆ గొంతు మీకే ఇంకా తెలియదు కాబట్టి వాక్యం కుదరడం లేదు. నవల సగం రాస్తేగానీ తెలియదు కూడా. అందుకని ‘మొదటి వాక్యం తర్వాత’ అని కాగితం మీద రాసి, కింద నుంచి కథ నడపండి. చివరి అధ్యాయం అయ్యాక వెనక్కి రండి. చాలాసార్లు ఆ వాక్యం మీరు రాసిన నాలుగో పేరాలోనో ఐదో పేరాలోనో పడి ఉంటుంది. పైవన్నీ కొట్టేస్తే చాలు.

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్ళు, ‘నువ్వు’ అనే పిలవండి మేడమ్. థ్రిల్లర్ రాస్తున్నాను. సస్పెన్స్ కోసం మొదటి అధ్యాయంలో హీరో పేరు, ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు ఏదీ చెప్పలేదు. ‘అతను’, ‘ఆ వస్తువు’, ‘ఆ పని’ అని మాత్రమే రాశాను. మా అక్క చదివి ఏమీ అర్థం కాలేదంది.

జవాబు: మీ అక్కని వదులుకోకు. ఎడిటర్ డబ్బు తీసుకుని చెప్పేది ఆవిడ ఊరికే చెప్పింది.

నువ్వు పంపిన పేజీలో వాక్యం ఇది: ‘అతను చుట్టూ చూసి ఆ వస్తువుని అక్కడ దాచాడు.’ ఇందులో నాకు కనిపించేది ఏమీ లేదు. అతను ముసలివాడో కుర్రాడో, వస్తువు వజ్రమో దువ్వెనో, అక్కడంటే అడవో బాత్‌రూమో తెలియదు. తెలియనివి అన్నైతే దేని గురించీ ఆలోచించబుద్ధి కాదు. ఇప్పుడిలా చూడు: ‘వార్డు బాయ్ అటు తిరగగానే, స్టోర్‌రూములో ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ల వెనక తన అన్న పాస్‌పోర్టు దాచాడు.’ ఏం జరిగిందో మొత్తం కళ్ళ ముందుంది. ఎందుకు చేశాడన్న ఒక్కటే దాచాం. అన్న పాస్‌పోర్టు ఇతని దగ్గర ఎందుకుంది, అన్న ఎక్కడికి వెళ్ళకూడదు, ఆస్పత్రే ఎందుకు? ఈ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. జరిగేది చూపించు, కారణం దాచుకో. నువ్వు రెండూ దాచేశావు.

థ్రిల్లర్ అన్నావు కాబట్టి ఇంకొకటి. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో చేసిన సుదీర్ఘ సంభాషణలో సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ప్రేక్షకుడికి ముందు తెలియకపోతే, అది పేలినప్పుడు కొన్ని క్షణాల ఉలికిపాటు దక్కుతుంది. ముందే చూపించి, ఎప్పుడు పేలుతుందో కూడా చెప్పేస్తే ఆ పిచ్చాపాటీ సాగినంతసేపూ ప్రేక్షకుడు కుర్చీ అంచున ఉంటాడు. దాచడం వల్ల కాదు, చెప్పడం వల్ల పుట్టిన సస్పెన్స్ అది.

ఇంకో చిన్న మాట. అధ్యాయమంతా హీరో మనసులోంచి నడుపుతూ, అతనికి బాగా తెలిసిన వస్తువుని అతనే ‘ఆ వస్తువు’ అనుకోవడం మోసం. తన అన్న పాస్‌పోర్టుని ఎవడైనా మనసులో ‘ఆ వస్తువు’ అనుకుంటాడా?

ప్రశ్న: నా నవల మొదటి పేరా పంపుతున్నాను. దయచేసి నిర్మొహమాటంగా చెప్పండి.

‘తెల్లవారింది. కిటికీలోంచి లేత బంగారు కిరణాలు గదిలోకి ప్రసరించాయి. భారతి మెల్లగా కళ్ళు తెరిచి, లేచి అద్దం ముందు నిలబడింది. యాభై రెండేళ్ళ వయసు, చామనఛాయ, అక్కడక్కడా నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు. జీవితమంతా ఇతరుల కోసమే బతికిన ఆమె మనసులో ఏదో తెలియని వెలితి. కానీ ఈ రోజు ఆమె జీవితంలో ఒక కొత్త మలుపు. ఈ రోజు ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరబోతోంది. ఈ విషయం ఆమె ఇంకా భర్తకు చెప్పలేదు.’

జవాబు: నిర్మొహమాటంగా అన్నారు కాబట్టి వాక్యం వాక్యం చూద్దాం.

‘తెల్లవారింది’: అందరికీ తెల్లవారుతుంది. నాకొచ్చే రాతప్రతుల్లో నిద్ర లేవడంతో మొదలయ్యేవి ఎన్నో నేను లెక్కపెట్టడం మానేశాను. కథ రోజు మొదట్లో మొదలవ్వాలని రూలేం లేదు. లేత బంగారు కిరణాలు ఇంతకుముందు చాలా గదుల్లోకి ప్రసరించి ఉన్నాయి, వాటికి విశ్రాంతినివ్వండి. అద్దం వచ్చిందంటే రూపురేఖల వర్ణన వస్తోందని పాఠకుడికి తెలుసు. పైగా యాభై రెండేళ్ళ మనిషి రోజూ చూసుకునే అద్దంలో ‘చామనఛాయ’ అనుకోదు. ‘నిన్నటి కంటే వాచాయేమిటి కళ్ళు’ అనుకుంటుంది, లేదా ఏమీ అనుకోదు.

‘జీవితమంతా ఇతరుల కోసమే బతికిన’ అన్నది నవల మొత్తం చదివాక నేను అనుకోవాల్సిన మాట. మీరే అనేస్తే నాకు పనేముంది? ‘ఏదో తెలియని వెలితి’ గురించి కూడా అంతే. ఆమెకి తెలియకపోవచ్చు, మీకు తెలియాలి. ‘కొత్త మలుపు’ అని బోర్డు పెట్టకండి, మలుపు తిప్పండి.

ఇక చివరి వాక్యం. ఎంత చక్కటి వాక్యమండీ అది! భర్తకు చెప్పలేదు. భయమా, మొండితనమా, చెప్పినా వినడనా, నేర్చుకుని వచ్చి ఆశ్చర్యపరచాలనా? ఎనిమిది వాక్యాల్లో నా పెన్సిల్ గీత పడింది దానికొక్కదానికే. మీరు దాన్ని అన్నిటికన్నా వెనక కూర్చోబెట్టారు.

మీరు పంపిన అధ్యాయంలో ఆరో పేజీలో ఇంకో రత్నం ఉంది. డ్రైవింగ్ స్కూల్లో ఫారం నింపుతూ ‘అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి’ అన్నచోట ఆమె తన నంబరే రాస్తుంది. మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. ఆ రెంటినీ దగ్గరికి తెచ్చి చూద్దామా?

‘డ్రైవింగ్ స్కూల్లో చేరుతున్న సంగతి భారతి ఇంకా భర్తకు చెప్పలేదు. ఫారంలో పేరు, వయసు, చిరునామా గబగబా నింపేసింది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. వెనక లైన్లో ఎవరో దగ్గారు. పది అంకెలూ రాసి ఫారం కౌంటర్లోకి నెట్టింది.

“ఇది మీ నంబరే కదండీ?” అంది కౌంటర్లో అమ్మాయి.

“అవునమ్మా. నాకే చెయ్యండి.”’

చివర రెండు మాటలూ నేను కలిపాను, నచ్చకపోతే తీసేయండి. మిగిలిన సామగ్రి మీదే. వయసు చెప్పలేదు, పక్కన లైసెన్స్ కోసం వచ్చిన పిల్లలు ‘ఆంటీ’ అన్నప్పుడు తెలుస్తుంది. వెలితి అన్న మాట ఎక్కడా లేదు. ఆ గడి దగ్గర పెన్ను ఆగినప్పుడు మీకు కనిపించిందా లేదా?

ప్రశ్న: నవలకి ముందు చిన్న ప్రోలాగ్ పెట్టాను. అందులో హత్య జరుగుతుంది. మొదటి అధ్యాయం ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్తుంది. బాగుంటుందా?

జవాబు: ప్రోలాగ్ చింపేసి, మొదటి అధ్యాయం ఒక్కదాన్నే తెలియని మనిషి చేత చదివించండి. అది దానంతటది నిలబడితే ప్రోలాగ్ అక్కర్లేదు. నిలబడకపోతే జబ్బు మొదటి అధ్యాయంలో ఉంది, మందు అక్కడ వేయాలి. చప్పగా ఉన్న అధ్యాయాన్ని పాఠకుడి చేత మింగించడానికి ముందో శవాన్ని పెట్టడం చాలామంది చేసే పనే. అతను శవం గుర్తుపెట్టుకుని తర్వాతి ఎనభై పేజీలూ దానికోసమే వెతుక్కుంటాడు, మీ మనుషుల్ని చూడడు.

నవల్లో ఏ పాత్రకీ తెలిసే వీల్లేని సంగతి, అయినా పాఠకుడికి మొదటే తెలియాల్సింది ఉంటే అప్పుడు పెట్టుకోండి. రెండు పేజీలు దాటనివ్వకండి.

ప్రశ్న: మాది ఉమ్మడి కుటుంబం నవల. మొదటి అధ్యాయంలో పద్నాలుగు మంది వస్తారు. ఎక్కువా?

జవాబు: మనుషులు ఎక్కువ కాదు, పేర్లు ఎక్కువ. పద్నాలుగు మందినీ గదిలో ఉంచండి, ముగ్గురికి పేరు పెట్టండి. మిగిలినవాళ్ళు ‘చిన్నకోడలు’, ‘రేడియో పెట్టుకుని కూర్చున్న మావయ్య’, ‘అల్లరి పిల్ల’. వాళ్ళ వంతు వచ్చినప్పుడు పేరుతో పిలవచ్చు. ఇంకొకటి: మీ ముఖ్యపాత్రలు రమణ, రమేష్, రమాదేవి, రామారావు. మీకు వాళ్ళ మొహాలు తెలుసు, నాకు ‘ర’ ఒక్కటే కనిపిస్తోంది. ఇద్దరి పేర్లన్నా మార్చండి.

ప్రశ్న: ఈ మధ్య అందరూ ‘వర్ణనతో మొదలుపెట్టకు’ అంటున్నారు. మన పాత నవలలు వర్ణనతోనే కదా మొదలయ్యేవి? నాకు ప్రకృతి వర్ణన ఇష్టం, చేతనవును కూడా.

జవాబు: నిజమే. కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వరసగా వచ్చి, 1880లో పుస్తకమైంది. అది ధవళేశ్వరం వర్ణనతోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో తెలుగు పాఠకుడికి నవల అన్నదే కొత్త. ఒక ఊరిని కళ్ళకు కట్టించడమే అతనికి ఓ వింత. ప్రబంధాల పురవర్ణన అలవాటు కూడా వెనక ఉంది. ఇప్పటి పాఠకుడు ప్రపంచంలోని ఊర్లన్నీ అరచేతిలో చూస్తున్నాడు. ఊరికే చూపిస్తే ఆగడు.

అయినా మీ ఇష్టాన్ని చంపుకోకండి. వానతో మొదలుపెట్టాలనుందా? పెట్టండి. కాకపోతే అది ఎవరి వానో తేల్చుకోండి. ఇంటర్వ్యూకి బయల్దేరి, సర్టిఫికెట్ల ఫైలు చొక్కా లోపల దాచుకుని, షెడ్డు కింద నిలబడి బస్సు నంబర్లు చూస్తున్న కుర్రాడి వాన ఒకటి. పక్కనే గొడుగులు అమ్ముకునేవాడి వాన ఇంకొకటి. అతనికది తెరిపివ్వకూడదు. ఈ ఇద్దరిలో ఎవరి కళ్ళతో రాసినా వర్ణన రెండు పేజీలున్నా చదువుతాను. ఎవరి కళ్ళూ లేకుండా ఆకాశంలోంచి రాస్తే నాలుగో వాక్యంలో నా చూపు పేజీ కిందికి జారుతుంది. వర్ణన చేతనైనవాళ్ళు ఇప్పుడు తక్కువ. మీకు చేతనైతే ‘అందరూ’ అనే మాట పట్టించుకోకండి.

ప్రశ్న: మొదటి అధ్యాయం ఎన్ని పేజీలుండాలి?

జవాబు: కొలత లేదు. ఒక పేజీవీ చదివాను, యాభై పేజీలవీ చదివాను. ఒక సంగతి మొదలై, వెనక్కి తీసుకోలేని చోటికి వచ్చాక ఆపండి.

ప్రశ్న: వారపత్రిక సీరియల్స్ చదివి పెరిగాను. అధ్యాయం చివర హుక్ లేకపోతే చదవరని నా నమ్మకం. మొదటి అధ్యాయం చివర హీరోయిన్ తలుపు తీయగానే కెవ్వుమంటుంది. రెండో అధ్యాయంలో అది పిల్లి అని తెలుస్తుంది.

జవాబు: పాపం పిల్లి. దాన్ని ఎన్ని సీరియల్స్‌లో వాడుకున్నారో!

వారం వారం రాసినవాళ్ళ ఇబ్బంది వేరు. మధ్యలో ఏడు రోజులు గడుస్తాయి, పాఠకుడు మర్చిపోకూడదు. అయినా వాళ్ళని పైకి తెచ్చింది కెవ్వుకేకలు కావు. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ 1836లో నెలకో భాగంగా మొదలైనప్పుడు మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. కొన్ని భాగాల తర్వాత ఒక సత్రం పెరట్లో బూట్లు తుడుస్తూ శామ్ వెల్లర్ అనే పనివాడు ప్రవేశించాడు. వాడి మాట తీరుకి జనం పడిపోయారు. పోనుపోను అమ్మకాలు నలభై వేల దాకా పెరిగాయి. వాడేం ప్రమాదంలో లేడు, కత్తీ పట్టుకోలేదు. మళ్ళీ వాడి మాటలు వినాలనిపించింది, అంతే.

మీ మొదటి అధ్యాయం చివర ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన స్థితిలో ఉంటే చాలు. మీ హీరోయిన్ అదే అధ్యాయంలో అద్దె ఇంటి ఓనర్‌కి ‘పెళ్ళయింది, ఆయన వచ్చే వారం వస్తారు’ అని అబద్ధం చెప్పింది. హుక్ అక్కడే పడిపోయిందండీ. వచ్చే వారం ఎవర్ని తీసుకొస్తుంది? ఆవిడ తాళంచెవులు అందుకుని ‘థాంక్స్’ అన్నచోట అధ్యాయం ఆపేయండి. పిల్లిని దాని దారిన వెళ్ళనివ్వండి.

ప్రశ్న: ఒక ఎడిటర్ నా మొదటి అధ్యాయం మొత్తం తీసేసి రెండో అధ్యాయంతో మొదలుపెట్టమన్నారు. నవలంతటిలో నేను ఎక్కువ కష్టపడింది దాని మీదే. మనసు ఒప్పడం లేదు. అందులో ముఖ్యపాత్ర గతమంతా ఉంది.

జవాబు: ఎక్కువ కష్టపడ్డారంటే సందేహించాల్సిందే. తన దారి తనకు దొరకని అధ్యాయమే మనల్ని అంత కష్టపెడుతుంది.

అమెరికన్ నవలాకారుడు హెమింగ్వేకీ ఇదే జరిగింది. ‘ది సన్ ఆల్సో రైజెస్’ 1926లో అచ్చుకి సిద్ధమవుతుండగా స్నేహితుడు, తనూ నవలాకారుడే అయిన ఫిట్జ్‌జెరాల్డ్ చదివి, మొదలు బాగాలేదని ఉత్తరంలో చాలా గట్టిగానే చెప్పాడు. ఆ మొదట్లో ఉన్నది కూడా పాత్రల పూర్వచరిత్రే, ముఖ్యంగా బ్రెట్ అనే నాయిక గతం. హెమింగ్వే మొదటి అధ్యాయాన్నీ, రెండోదాంట్లో కొంత భాగాన్నీ తీసేయించాడు. ఆ ఏడాదే నవల అచ్చయింది. బ్రెట్ ఇప్పుడు మూడో అధ్యాయంలో ఒక డాన్సు హాల్లోకి నడిచి వస్తుంది. ఆమె ఎవరో మనకి అప్పటికి ఏమీ తెలియదు, రాబర్ట్ కోన్ అనే మనిషి ఆమెనే చూస్తూ ఉండిపోవడం తప్ప.

మీ ఎడిటర్ అన్ని విషయాల్లోనూ సరైనవారో కాదో నాకు తెలియదు. పరీక్ష మాత్రం తేలిక. అధ్యాయం తీసేసిన ప్రతిని కొత్త మనిషికి ఇవ్వండి, అలాంటిదొకటి ఉండేదని చెప్పకండి. చదివాక ‘ఎక్కడైనా అర్థం కాలేదా’ అని అడగండి. ‘ఏమైనా తెలుసుకోవాలనిపించిందా’ అని కూడా అడగండి. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి ‘అవును’ అంటే, అర్థం కాని ఆ చోటులో రెండు వాక్యాలు చేర్చండి, అధ్యాయం మొత్తం కాదు. రెండోదానికి ‘అవును’ అంటే ఎడిటర్‌కి ఫోన్ చేసి ఒప్పుకోండి.

ప్రశ్న: పోటీకి, ప్రచురణకి పంపేటప్పుడు మొదటి అధ్యాయం ఒక్కటే పంపితే చదువుతారా?

జవాబు: మూడు అధ్యాయాలు పంపండి. మొదటిదాన్ని పదిమందికి చూపించి, పదిసార్లు దిద్ది పంపుతారని మాకు తెలుసు. అందుకే నేను చాలాసార్లు ముందు మూడోది తీసి చదువుతాను.